పెద్ద నంబరు డయోడే మంచి డయోడా?

రెక్టిఫయర్ డయోడు ఎంపిక గురించి మన దగ్గర స్థిరపడిపోయిన అభిప్రాయం ఒకటుంది. డయోడుకు చూడాల్సినవి రెండే సంఖ్యలు: ఎన్ని ఆంపియర్లు, ఎన్ని వోల్టులు. సర్క్యూట్ అడిగే దానికంటే ఆ రెండూ ఎక్కువుంటే చాలు. ఎంత ఎక్కువుంటే అంత నిశ్చింత. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో విడిభాగాల కొట్టు ముందు నిలబడి డయోడు కావాలంటే వచ్చే ఎదురుప్రశ్న "ఎన్ని ఆంపియర్లది?" అనే. మాడిపోయిన డయోడు మీద నంబరు చెరిగిపోతే దాని లావు చూసి, అదే లావున్న వెయ్యి వోల్టులది వేసేయడం రిపేరు బల్లల మీద మామూలు. ఇంజనీరింగ్ చదువు కూడా ఈ అలవాటును పెద్దగా కదపదు. హాఫ్ వేవ్ సామర్థ్యం 40.6 శాతం, ఫుల్ వేవ్‌ది 81.2 శాతం అని నిద్రలో లేపి అడిగినా చెప్పే విద్యార్థికి, ఆ అంకెలు ఏ లోపమూ లేని ఊహా డయోడువని, బజారులో దొరికే డయోడు గురించి అవి ఒక్క ముక్క కూడా చెప్పవని ఎవరూ చెప్పరు. ఈ మధ్య ఇదే అభిప్రాయం కొత్త చొక్కా తొడుక్కుని వస్తోంది: మామూలు డయోడు కంటే ఫాస్ట్ మేలు, ఫాస్ట్ కంటే అల్ట్రాఫాస్ట్, దానికంటే షాట్కీ, అన్నిటికీ పైన సిలికాన్ కార్బైడ్. పాత మాటకూ కొత్త మాటకూ మూలం ఒకటే. డయోడులన్నీ ఒకే నిచ్చెన మెట్ల మీద వరసగా నిలబడి ఉన్నాయనీ, డబ్బున్నంత వరకు పైకెక్కడమే ఎంపిక అనీ నమ్మకం. అసలు అలాంటి నిచ్చెనే లేదని నా వాదన. డయోడులో ఏ గుణమూ ఊరికే పెరగదు. పెరిగిన ప్రతి దానికీ మరో గుణం ధర చెల్లిస్తుంది. ఆ ధర ఏ సర్క్యూట్‌కు భారం, ఏ సర్క్యూట్‌కు కాదు అన్నదే ఎంపిక.

అందరికీ తెలిసిన సర్క్యూట్‌తోనే మొదలుపెడదాం. 12 వోల్టుల నుంచి 5 వోల్టులు తీసే చిన్న చిన్న బోర్డులు బజారులో కొల్లలు. వాటిలో చాలావాటి మీద ఉండే ఐసీ ఎల్ఎం2596. లోపలి స్విచ్ సెకనుకు లక్షా యాభై వేల సార్లు ఆన్ అయి ఆఫ్ అవుతుంది. దాని పక్కన ఉండాల్సింది 3 ఆంపియర్ల, 40 వోల్టుల షాట్కీ డయోడు. తీగల కాళ్లున్న రకమైతే 1ఎన్5822. అది పోయిందనుకుందాం. నిచ్చెన లెక్కన 1ఎన్5408 దానికంటే ఎంతో పైమెట్టు మీద ఉంది: ఆంపియర్లు అవే మూడు, వోల్టులు మాత్రం నలభైకి బదులు వెయ్యి. వేసి చూస్తే ఐసీ చేయి పెట్టలేనంతగా కాగుతుంది, లోడు పెడితే అవుట్‌పుట్ కుంగుతుంది. కారణం ఆ రెండు సంఖ్యల్లో ఎక్కడా కనిపించదు. ఆ వేగంలో ఒక్కో ఆవృత్తికి దక్కే కాలం 6.7 మైక్రోసెకన్లు, అందులో స్విచ్ ఆన్‌లో ఉండేది సుమారు మూడు. ముందుకు కరెంటు మోస్తున్న మామూలు సిలికాన్ డయోడు, వోల్టేజీ తిరగబడిన క్షణంలోనే ఆగిపోలేదు. లోపల పోగైన ఛార్జి ఖాళీ అయ్యేదాకా వెనక్కి కూడా కరెంటును పోనిస్తుంది. 1ఎన్5408 లాంటి వాటికి ఈ రికవరీ సమయం మైక్రోసెకన్లలో ఉంటుంది. అంటే స్విచ్ ఆన్ అయిన ప్రతిసారీ దానికి ఎదురయ్యేది కాసేపు డయోడు కాదు, షార్ట్ సర్క్యూట్. 1ఎన్5400 వరస ఈ పనికి మరీ నిదానమనీ, వాడకూడదనీ ఐసీ డేటాషీటే చెబుతోంది. వెయ్యి వోల్టుల భద్రత కోసం వెళ్తే ప్రమాదం 12 వోల్టుల దగ్గరే ఎదురైంది.

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే డయోడుకు వోల్టులు ఎక్కడి నుంచి వస్తాయో చూడాలి. వెనకవైపు వోల్టేజీని ఆపేది సిలికాన్‌లో తక్కువ డోపింగ్ ఉన్న ఒక పొర. ఎక్కువ వోల్టులు ఆపాలంటే ఆ పొర మందం పెరగాలి, డోపింగ్ ఇంకా తగ్గాలి. రెండూ కరెంటుకు అడ్డంకులే. మామూలు సిలికాన్ డయోడు, అంటే పీఎన్ డయోడు, దీనికి చేసే ఉపాయం, ముందువైపు కరెంటు పోయేటప్పుడు ఎలక్ట్రాన్లనూ హోల్స్‌నూ ఆ పొరలోకి కుమ్మరించి దాని నిరోధాన్ని తాత్కాలికంగా పడగొట్టడం. అందుకే వెయ్యి వోల్టుల 1ఎన్4007 కూడా 1 ఆంపియర్ దగ్గర గరిష్ఠంగా 1.1 వోల్టుతో సరిపెట్టుకుంటుంది. కానీ కుమ్మరించిన దాన్నంతా మళ్లీ తోడెయ్యనిదే డయోడు ఆగదు. పైన చెప్పిన రికవరీ అదే. త్వరగా ఆగాలంటే బంగారమో ప్లాటినమో సిలికాన్‌లోకి చొప్పించి, లేదా ఎలక్ట్రాన్ కిరణాలతో కొట్టి, ఆ కణాల ఆయుష్షు తగ్గిస్తారు. ఆయుష్షు తగ్గితే పొర నిరోధం మళ్లీ తల ఎత్తుతుంది, ముందువైపు వోల్టేజీ పెరుగుతుంది. షాట్కీ డయోడు దారి వేరు. అందులో లోహం నేరుగా సిలికాన్‌ను తాకుతుంది. హోల్స్ కుమ్మరింపు దాదాపు ఉండదు కాబట్టి తోడాల్సిన ఛార్జీ ఉండదు. 1ఎన్5822 మీద 3 ఆంపియర్ల దగ్గర పడేది అర వోల్టుకు కాస్త ఎక్కువ, అంతే. అయితే కుమ్మరింపు లేనప్పుడు మందపాటి పొర నిరోధాన్ని పడగొట్టే ఉపాయం కూడా లేనట్టే. సిలికాన్ షాట్కీలు 200 వోల్టుల చుట్టుపక్కలే ఆగిపోవడానికి కారణం తయారీదారుల చేతకానితనం కాదు, ఈ లెక్కే.

ఇదంతా పుస్తకాల సిద్ధాంతం అనేవారు ఒకే కుటుంబంలోని నంబర్లను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. యూఎఫ్4001 నుంచి యూఎఫ్4007 వరకు అన్నీ 1 ఆంపియర్ అల్ట్రాఫాస్ట్ డయోడులే, చూపులకు ఒకేలా ఉంటాయి. 400 వోల్టుల యూఎఫ్4004 మీద 1 ఆంపియర్ దగ్గర పడే గరిష్ఠ వోల్టేజీ 1.0, రికవరీ 50 నానోసెకన్లు. అదే కుటుంబంలో వెయ్యి వోల్టుల యూఎఫ్4007కు వస్తే వోల్టేజీ 1.7, రికవరీ 75 నానోసెకన్లు. అంటే పనికిరాని ఆరు వందల వోల్టుల కోసం మనం డెబ్బై శాతం ఎక్కువ వేడినీ, నిదానాన్నీ కొని తెచ్చుకున్నాం. ఫాస్ట్ డయోడుల ఎఫ్ఆర్ వరసలో రికవరీ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది: ఎఫ్ఆర్104 వరకు 150 నానోసెకన్లు, 600 వోల్టుల ఎఫ్ఆర్105కు 250, వెయ్యి వోల్టుల ఎఫ్ఆర్107కు 500. "అన్నిటికీ పనికొస్తుంది" అని ఎఫ్ఆర్107 ఒక్కటే డబ్బాలో పోసుకునే మెకానిక్, ఎఫ్ఆర్104 ఉన్న చోట దాన్ని వేసిన ప్రతిసారీ మూడు రెట్లకు పైగా నిదానమైన డయోడును వేస్తున్నాడు. పైమెట్టు ఎక్కానని అతను అనుకుంటున్నాడు.

న్యాయం చెప్పాలంటే, ఈ నిచ్చెన ఆలోచన మూర్ఖత్వంలోంచి పుట్టింది కాదు. సిలికాన్ రాకముందు రేడియోల్లో, బ్యాటరీ చార్జర్లలో రాజ్యమేలిన సెలీనియం రెక్టిఫయర్లలో ఒక్కో పలక తట్టుకునేది కొద్దిపాటి పదుల వోల్టులే. ఎక్కువ వోల్టులు కావాలంటే పలకలు పెంచేవారు, ఎక్కువ ఆంపియర్లు కావాలంటే పలక వైశాల్యం పెంచేవారు. చూపుకి పెద్దదే నిజంగా బలమైనది. పైగా అప్పుడు పని అంతా 50 హెర్ట్జ్ దగ్గరే. ఒక్కో ఆవృత్తి 20 మిల్లీసెకన్లు. అంత తీరిక ఉన్న చోట పది ఇరవై మైక్రోసెకన్ల రికవరీని ఎవరు పట్టించుకుంటారు? ఆ రోజుల అనుభవం తరం నుంచి తరానికి గురువు మాటగా దిగివచ్చింది. సెలీనియం పోయింది, స్విచింగ్ సప్లయిలు వచ్చి పని వేగం వెయ్యి రెట్లు దాటింది, మాట మాత్రం అక్కడే ఉంది.

50 హెర్ట్జ్ కరెంటు దగ్గర ఆ మాట ఇప్పటికీ చెల్లుతుందని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. 230 వోల్టుల సప్లయి శిఖరం 325 వోల్టులు. పది శాతం పెరిగితే 358. బ్రిడ్జిలో అయితే కాగితం మీద 400 వోల్టుల డయోడు చాలు. కానీ మన వీధి లైన్లలో న్యూట్రల్ తెగడం అనే ఉపద్రవం ఉంది. అది తెగితే లోడు తక్కువున్న ఇంట్లో వోల్టేజీ 230 దాటి 400 దిశగా ఎగబాకుతుంది. 400 దగ్గర శిఖరం 566 వోల్టులు. అప్పుడు 600 వోల్టుల డయోడు కూడా అంచు మీదే ఉన్నట్టు. వెయ్యి వోల్టుల 1ఎన్4007 అక్కడ న్యాయమైన ఎంపికే. (ఆ క్షణంలో దాని వెనకున్న 400 వోల్టుల కెపాసిటర్ ముందే పేలుతుందనేది వేరే సంగతి.) అయితే ఆ ఎంపిక సరైనది కావడానికి కారణం వెయ్యి అనే అంకె పెద్దదిగా ఉండటం కాదు. అక్కడి వోల్టేజీ నిజంగా అంత ఎగరగలదు, అక్కడి వేగం నిదానాన్ని క్షమించగలదు. ఈ రెండు షరతుల్లో ఒకటి తప్పినా ఎంపిక తప్పుతుంది. 1ఎన్4007 గొప్ప డయోడే, దాని చోట.

వోల్టుల సంగతి ఇంత అయితే ఆంపియర్ల సంగతి మరీ అన్యాయం. డయోడు మీది 1 ఆంపియర్ అనే మాట వెనక షరతులు ఉన్నాయి. 1ఎన్4007 డేటాషీటులో ఆ ఆంపియర్ 75 డిగ్రీల దగ్గర ఇచ్చింది. చుట్టూ అంతకంటే వేడిగా ఉంటే తగ్గించుకోవాలి. అదీ మామూలు రెసిస్టర్ లాంటి లోడుకు. కెపాసిటర్ లోడు అయితే మరో ఇరవై శాతం తీసెయ్యాలని అదే షీటులో చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెక్టిఫయర్ వెనక కెపాసిటర్ లేని సర్క్యూట్ మన ఇళ్లలో ఎన్ని ఉంటాయి? కెపాసిటర్ ఉన్నప్పుడు డయోడు నిలకడగా కరెంటు మోయదు. శిఖరం దగ్గర కొద్దిసేపు మాత్రం, సగటుకు ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటును ఒక్కసారిగా పంపుతుంది. సగటు మారకపోయినా వేడి పెరుగుతుంది, ఎందుకంటే డయోడు నిరోధ భాగంలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. స్విచ్ వేసిన మొదటి క్షణం మరో కథ. ఖాళీ కెపాసిటర్ మీద 325 వోల్టుల శిఖరం పడితే, మధ్యలో 10 ఓమ్‌ల రెసిస్టర్ ఉన్నా కరెంటు 30 ఆంపియర్లు దాటుతుంది. 1ఎన్4007 సర్జ్ పరిమితి సరిగ్గా 30. భయపడాలా? అక్కరలేదు, కెపాసిటర్ 4.7 మైక్రోఫారడ్‌ది అయితే ఆ ఉధృతి కొన్ని పదుల మైక్రోసెకన్లలో చల్లారుతుంది. డేటాషీటు పరిమితేమో 8 మిల్లీసెకన్ల అర్ధ తరంగానికి. అదే కెపాసిటర్ 470 మైక్రోఫారడ్‌ది అయితే భయపడాల్సిందే. కాలం చెప్పని ఆంపియర్లకు అర్థం లేదు.

ఆంపియర్లు చాలకపోతే రెండు డయోడులు పక్కపక్కన కలిపేస్తే సరి అనే చిట్కా కూడా ఈ నిచ్చెన కుటుంబానిదే. మూడు, మూడు కలిపితే ఆరు. కానీ సిలికాన్ డయోడు వేడెక్కేకొద్దీ దాని ముందు వోల్టేజీ డిగ్రీకి సుమారు రెండు మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. రెంటిలో కాస్త ఎక్కువ వేడెక్కింది కాస్త ఎక్కువ కరెంటు లాక్కుంటుంది, ఇంకా వేడెక్కుతుంది, ఇంకా లాక్కుంటుంది. ఒకటి మోస్తుంటే రెండోది చూస్తూ ఉంటుంది. రెంటినీ ఒకే చిప్పు మీద, ఒకే హీట్‌సింక్ మీద అతికిస్తే తేడా తగ్గుతుంది. బోర్డు మీద విడివిడిగా నిలబెట్టి ఆరు ఆంపియర్లు అని లెక్కపెట్టుకోవడం ఆత్మవంచన.

ఇక కొత్త చొక్కా వాదానికి వద్దాం. నిదానమే సమస్య అయినప్పుడు అంతటా షాట్కీలే వేస్తే పోలేదా అంటారు. వేడి తక్కువ, రికవరీ లేదు, ఇంకేం కావాలి? ముందుగా వోల్టులు కావాలి. స్టెబిలైజర్లలో, యాంప్లిఫయర్లలో ఇప్పటికీ కనిపించే 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌నే తీసుకోండి. మధ్య తీగ ఉన్న ఈ పద్ధతిలో ఒక్కో డయోడు వెనకవైపు రెండు సగాల శిఖరాన్నీ భరించాలి. 12 వోల్టుల శిఖరం 17, రెండింతలు 34. సప్లయి వోల్టేజీ పది శాతం ఎక్కువ వచ్చిన రాత్రి 37. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు లోడు లేనప్పుడు రాసిన దానికంటే పది పదిహేను శాతం ఎక్కువ వోల్టేజీ ఇస్తాయి. అదీ కలిపితే 40 దాటిపోయింది. "12 వోల్టులకు 40 వోల్టుల డయోడు, మూడు రెట్లకు పైగా మార్జిన్" అని 1ఎన్5822 వేసిన వారికి నిజంగా ఉన్న మార్జిన్ సున్నాకు దిగువన. మార్జిన్ వద్దని నేను అనడం లేదు. అవసరం లెక్క కట్టిన తరువాత దానికి పైన కలిపేదే మార్జిన్. లెక్క లేకుండా పెద్ద అంకెను పట్టుకోవడం ఒక చోట అతి అవుతుంది, మరో చోట ఇలా చాలదు.

షాట్కీ అడిగే అసలు ధర మాత్రం వేడిలో బయటపడుతుంది. 1ఎన్5822 వెనకవైపు లీకేజీ 40 వోల్టుల దగ్గర గది వేడిలో గరిష్ఠంగా 2 మిల్లీఆంపియర్లు. 100 డిగ్రీల దగ్గర 20. అంటే ఏ పనీ చేయకుండా వెనకవైపు వోల్టేజీని ఆపుతూ ఊరికే కూర్చున్నప్పుడే 0.8 వాట్ల వేడి పుట్టవచ్చు. ఆ వేడి డయోడును ఇంకో ఇరవై డిగ్రీలు పైకి తోస్తే లీకేజీ మళ్లీ పెరుగుతుంది. ఈ చక్రం ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ఆగకపోతే డయోడు తనను తానే కాల్చుకుంటుంది. ఇది ఊహాగానం కాదు, సౌర ఫలకాల పరిశ్రమకు ఇది ప్రతిరోజూ ఎదురయ్యే సమస్య. ఫలకం వెనక డబ్బాలో సాధారణంగా ఇరవై, ఇరవై నాలుగు సెల్స్‌కు ఒకటి చొప్పున బైపాస్ డయోడులు ఉంటాయి, చాలావరకు షాట్కీలే. సెల్స్ మీద నీడ పడితే ఫలకం కరెంటు మొత్తం ఈ డయోడు గుండా పోతుంది. కర్నూలు దగ్గరి వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు లాంటి చోట ఏప్రిల్, మే ఎండలో అప్పటికే కాగిపోయిన డబ్బాలో అది మరింత కాగుతుంది. అంతలో నీడ తొలగిపోతుంది. అదే క్షణంలో, ఇంకా చల్లారని ఆ డయోడు మీద వెనకవైపు వోల్టేజీ పడుతుంది. ప్రమాదం నీడ ఉన్నప్పటి కంటే నీడ పోయాక ఎక్కువ. ఈ పరిస్థితినే పరీక్షించడానికి 2017లో ఐఈసీ 62979 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణం వచ్చింది. ముందు వోల్టేజీ ఎంత తక్కువైతే అంత గొప్ప అనేవారు గుర్తుంచుకోవాల్సిన విషయం ఇక్కడే ఉంది: షాట్కీలో లోహం-సిలికాన్ అడ్డుగోడను తగ్గించి ముందు వోల్టేజీ తగ్గిస్తే, అదే గోడ మీదుగా లీకేజీ పెరుగుతుంది. చలి దేశంలో మేలైన డయోడు రాయలసీమ పైకప్పు మీద నాసిరకం కావచ్చు. డబ్బా మీద అచ్చు వేసిన ఆంపియర్లు రెండు చోట్లా ఒకటే.

వేగం విషయంలోనూ ఇంతే. 50 హెర్ట్జ్ బ్రిడ్జిలో మామూలు డయోడులు తీసేసి అల్ట్రాఫాస్ట్ వేయడం మెరుగుదల అని చాలామంది నమ్మకం. బ్రిడ్జిలో ఒకేసారి రెండు డయోడులు కరెంటు మోస్తాయి. గరిష్ఠ విలువలతో 1 ఆంపియర్ దగ్గర లెక్కేస్తే 1ఎన్4007 జంట 2.2 వాట్లు కాలుస్తుంది, యూఎఫ్4007 జంట 3.4 వాట్లు. రికవరీ వల్ల మిగిలేదేమిటి? సెకనుకు యాభైసార్లు జరిగే పనిలో లెక్కలోకి రానంత. వేడిని కొనుక్కుని, అక్కరలేని వేగాన్ని ఇంటికి తెచ్చుకున్నామన్నమాట. ఇంతకంటే ఆసక్తికరమైన ఉదాహరణ చిన్న చార్జర్ల లోపల ఉంది. ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైపు స్విచ్‌ను కాపాడే క్లాంప్‌లో ఒక డయోడు ఉంటుంది. ఇంత వేగంగా పనిచేసే సర్క్యూట్‌లో అక్కడ అల్ట్రాఫాస్ట్ తప్ప మరొకటి కుదరదని ఎవరైనా అంటారు. ఈ రంగంలో పేరున్న పవర్ ఇంటిగ్రేషన్స్ సంస్థ మాత్రం తన అప్లికేషన్ నోట్లలో కొన్ని డిజైన్లకు గ్లాస్ పాసివేటెడ్ 1ఎన్4007జీపీని, ఒక చిన్న రెసిస్టర్‌తో కలిపి, సూచిస్తుంది. నిదానమైన ఆ డయోడు ఆగే లోపు, క్లాంప్‌లోకి చేరిన శక్తిలో కొంత వెనక్కి తిరిగి సర్క్యూట్‌కే దక్కుతుంది. మోగుడు (రింగింగ్) తగ్గుతుంది, రేడియో అల్లరీ తగ్గుతుంది. ఇక్కడ నిదానమే గుణం. అయితే ఆ నిదానానికీ ఓ హద్దు ఉండాలి, సుమారు 2 మైక్రోసెకన్లు. రికవరీ ఎంతో ఎవరూ హామీ ఇవ్వని మామూలు 1ఎన్4007ను ఆ చోట వేయకూడదు. నంబరు చివరి రెండు అక్షరాలు కొట్టువాడికి కనిపించకపోవచ్చు, సర్క్యూట్‌కు కనిపిస్తాయి.

ఇన్ని లెక్కలు వేసే తీరిక ఎవరికుంది, రోజుకు పది బోర్డులు బాగుచేసే మనిషి ప్రతి డయోడుకూ డేటాషీటు తెరుస్తాడా అని అడగవచ్చు. బలమైన ఆక్షేపణే. కొట్టువాడు యాభై రకాలు పెట్టుకోలేడు, నిజమే. కానీ నేను కోరుతున్నది యాభై రకాలు కాదు, అడిగే ప్రశ్నలో మార్పు. "ఎన్ని ఆంపియర్లది?" అనే చోట "ఎక్కడిది?" అని అడిగితే సగం తప్పులు పోతాయి. కరెంటు వైర్ తర్వాత మొదట వచ్చే బ్రిడ్జిదా, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ అవతల చార్జర్ 5 వోల్టుల వైపుదా, అక్కడి వేగం వందలా లక్షలా, డబ్బాలో గాలి ఆడుతుందా లేదా అన్నది తెలిస్తే నాలుగైదు రకాల డబ్బాల్లోంచే సరైనది తీయవచ్చు. ఒకదాని బదులు మరొకటి వేసుకోవచ్చని చెప్పే ఈక్వివలెంట్ పుస్తకాలు ఈ పని చేస్తాయనుకుంటే పొరపాటు. అవి ఎక్కువగా వోల్టులు, ఆంపియర్లే పోల్చి జత కడతాయి. అంటే ఏ నిచ్చెనను పారెయ్యాలో దాన్నే అచ్చువేసి అమ్ముతున్నాయి. "నేను వేసింది ఆరు నెలలుగా బాగానే పనిచేస్తోంది" అనే సమాధానం కూడా వినిపిస్తుంది. పనిచేయవచ్చు. సగం లోడు మీద, చలికాలంలో, ఫ్యాను కింద తప్పుడు డయోడు కూడా బతుకుతుంది. చిన్న సర్క్యూట్‌లో షాట్కీతో వచ్చే అర వోల్టు పొదుపు ఏపాటిది అనేవారికి లెక్క చెప్పడం తేలిక: 5 వోల్టుల అవుట్‌పుట్ మీద ఒక వోల్టు డయోడుకే పోతే, సెకండరీ వైపు వచ్చిన శక్తిలో ఆరో వంతు వేడిగా పోయినట్టు. అర వోల్టు అయితే పదకొండో వంతు. 24 వోల్టుల దగ్గర ఇదే తేడా రెండు శాతం. అక్కడ దాని కోసం షాట్కీ లీకేజీని నెత్తిన పెట్టుకోనక్కరలేదు. 3.3 వోల్టుల దగ్గర, పదుల ఆంపియర్లలో అసలు ఏ డయోడూ సరిపోదు, మోస్‌ఫెట్‌నే రెక్టిఫయర్‌గా వాడతారు. ఒకే ప్రశ్నకు వోల్టేజీని బట్టి మూడు వేర్వేరు జవాబులు.

చివరిగా మిగిలేది సిలికాన్ కార్బైడ్ వాదం. ఇప్పుడు సిలికాన్ కార్బైడ్ షాట్కీలు వచ్చాయి కదా, 600 వోల్టులు, 1200 వోల్టులు, రికవరీ లేదు, వేడికి భయం లేదు; ధర తగ్గుతోంది; ఇక ఈ బేరాలన్నీ ముగిసినట్టే కదా అంటారు. 2001లో ఇన్ఫినియాన్ వీటిని బజారుకు తెచ్చినప్పుడు వచ్చిన మార్పు చిన్నదేమీ కాదు. ఈ పదార్థం సిలికాన్ కంటే సుమారు పది రెట్ల విద్యుత్ క్షేత్రాన్ని తట్టుకుంటుంది; కాబట్టి అదే వోల్టేజీకి పొర పదో వంతు మందంతో సరిపోతుంది, కుమ్మరింపు ఉపాయం లేకుండానే. కంప్యూటర్ సప్లయిల్లో, సర్వర్ సప్లయిల్లో మొదటి దశగా ఉండే పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ సర్క్యూట్‌లో దీని విలువ కనిపిస్తుంది. అక్కడ డయోడు కరెంటు మోస్తుండగానే మోస్‌ఫెట్ ఆన్ అవుతుంది. డయోడులో మిగిలిన ఛార్జి అంతా 400 వోల్టుల కింద మోస్‌ఫెట్‌లోంచి పారాలి. ఆ ఛార్జి 200 నానోకూలంబులు, వేగం లక్ష హెర్ట్జ్ అనుకుంటే 8 వాట్లు అక్కడే ఆవిరి. సిలికాన్ కార్బైడ్‌తో అది ఒక వాట్ చుట్టుపక్కలకు దిగుతుంది. కానీ దాని ముందు వోల్టేజీ 1.5 చుట్టూ ఉంటుంది, వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. పక్కపక్కన కలిపి వాడటానికి ఆ పెరుగుదల వరమే, 50 హెర్ట్జ్ బ్రిడ్జిలో మాత్రం మామూలు సిలికాన్ ముందు అది ఓడిపోతుంది. ఇంకో బలహీనత సర్జ్‌ది. స్విచ్ వేసిన క్షణం పెద్ద కెపాసిటర్ నింపుకునే కరెంటు వరదను మోయడానికి అది సరైన మనిషి కాదు. కుమ్మరింపు లేని చోట కరెంటు పెరిగితే వోల్టేజీ, దాంతో వేడి, తగ్గే దారి ఉండదు. అందుకే చాలా పవర్ ఫ్యాక్టర్ బోర్డుల మీద ఇండక్టర్‌నూ సిలికాన్ కార్బైడ్ డయోడునూ తప్పిస్తూ, ఇన్‌పుట్ నుంచి నేరుగా కెపాసిటర్‌కు మరో డయోడు వేస్తారు. అది చవకైన, నిదానమైన, మామూలు సిలికాన్ డయోడు. స్విచ్ వేసిన మొదటి కొన్ని మిల్లీసెకన్లు వరదను అది మోస్తుంది. కెపాసిటర్ నిండి వోల్టేజీ 400కు చేరాక వెనకవైపు వోల్టేజీతో ఆగిపోయి, మళ్లీ స్విచ్ వేసేదాకా దానికి పని ఉండదు.